మస్టర్ రోల్ ఆడవాళ్ళ కేసులో నేనిచ్చిన ఒక వాక్యం

ధార్వాడ హైకోర్టు బెంచిలో ఒక రిట్ పిటిషన్‌ను పదకొండు నిమిషాల్లో గెలిచిన వకీలును నేను. వాదించలేదు. పుస్తకం తెరవలేదు. జడ్జిగారు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా క్లయింటుకు కావలసినదంతా వచ్చింది. బదులుగా అవతలి పక్షానికి నేనిచ్చుకున్నది ఒకే ఒక్క వాక్యం. ఇంత చవకబేరం బళ్ళారి వకీళ్ళలో ఎవడూ చేసి ఉండడని తిరుగు రైలులో కిటికీ పక్కన కూర్చుని మురిసిపోయాను. ఆ తర్వాత ఏడెనిమిది నెలలు అదే గొప్ప చెప్పుకుంటూ తిరిగాను. ఇద్దరు జూనియర్లకు దీన్ని పాఠంగా కూడా చెప్పాను. వాళ్ళిప్పుడు సొంత ప్రాక్టీసు పెట్టుకున్నారు. ఆ పాఠం వాళ్ళకు గుర్తుండకూడదని నా కోరిక.

కరోనా తగ్గి కోర్టు వరండాలు మళ్ళీ మనుషులతో నిండిన ఏడాది అది, ఏప్రిల్ నెల. బళ్ళారి నుంచి ఆంధ్ర సరిహద్దు వైపు పోయే దారిలో, నల్లరేగడి భూముల మధ్య ఒక ప్రభుత్వ విత్తన క్షేత్రం ఉంది. పేరెందుకులెండి. అక్కడ పత్తి విత్తనం తయారు చేస్తారు. ఆ పనిని అందరూ క్రాసింగ్ అంటారు. సాయంత్రం ఆడ వరసల్లో నడుస్తూ, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను కనిపెట్టి, గోటితో ఒలిచి, లోపలి పుప్పొడి కాడలు తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం తగిలించాలి. పొద్దున్నే మగ వరసలోని పువ్వు కోసి తెచ్చి దానిమీద రుద్దాలి. ఎండెక్కిందంటే పువ్వు పనికిరాదు. ఈ పనికి యంత్రం లేదు. పందొమ్మిది మంది ఆడవాళ్ళు పదేళ్ళుగా, పదిహేనేళ్ళుగా అదే చేస్తున్నారు. అందరూ తెలుగువాళ్ళే, చుట్టుపక్కల ఊళ్ళ కూలీ కుటుంబాలవాళ్ళు.

వాళ్ళ పేర్లుండేది మస్టర్ రోల్‌లో. అంటే రోజుకూలీల హాజరు పుస్తకం. పేరు పక్కన టిక్కు పడితే కూలి. పడకపోతే ఆ రోజు నువ్వు లేనట్టే. వరసగా కొన్నాళ్ళు టిక్కు పడకపోతే పేరే ఉండదు, ఆ చోట్లో ఇంకొకరి పేరు ఎక్కుతుంది.

ఆ గుంపుకు మేస్త్రి మారెక్క. యాభై దాటిన మనిషి. ఎవరికి ఏ కష్టం వచ్చినా వాళ్ళను వెంటబెట్టుకొని తానే వస్తుంది. గుంపులో అది కట్టుబాటు. ఎవరి పనికీ ఎవరూ ఒంటరిగా పోరు. ఆ రోజు నా ఆఫీసుకు ఎనిమిదో నెల గర్భిణిని తీసుకొచ్చింది. పేరు హులిగెమ్మ.

"వకీలప్పా, ఈ పాపకి కాన్పుకి రజా, అదే లీవు, ఇయ్యం అంటాండారు. ఇంట్లో కూర్చుంటే పేరు కొట్టేస్తారంట. నువ్వేమన్నా చేస్తావా, లేకుంటే సుమ్మనె మా చార్జీలు దండగనా?" అంది మారెక్క.

"ఏమ్మా, ఆఫీసులో రాసి ఇచ్చినారా?" అని హులిగెమ్మను అడిగాను.

"రాసియ్యలేదు సార్. రోజుకూలికి కాన్పేంది అని నగినారు."

ఈ కేసు నాకు నల్లేరు మీద నడకలా కనిపించింది. చదివేవాళ్ళ కోసం కొంచెం వివరిస్తాను. కాన్పు సమయంలో ఆడవాళ్ళకు ఆసరా కల్పించమని రాజ్యాంగం ప్రభుత్వానికి చెబుతుంది. అయితే అది ఆదేశిక సూత్రాల్లో ఉంది. ప్రభుత్వం చెవిన వేసే హితవులాంటిది తప్ప, దాన్నొక్కదాన్నే పట్టుకొని కోర్టుకు పోవడానికి లేదు. దానికి కాళ్ళు తెచ్చింది సుప్రీంకోర్టు. చాలా ఏళ్ళ కిందట ఢిల్లీ మునిసిపాలిటీలో మస్టర్ రోల్ మీద పనిచేసే ఆడవాళ్ళు కేసు వేస్తే, ఆ సూత్రాన్నీ ప్రసూతి చట్టాన్నీ కలిపి చదివి, పర్మనెంటు ఉద్యోగి కడుపుకూ రోజుకూలి కడుపుకూ తేడా లేదన్న అర్థం వచ్చే తీర్పు ఇచ్చింది. సుప్రీంకోర్టు చెప్పిన న్యాయసూత్రం దేశంలోని కోర్టులన్నిటికీ శిరోధార్యం. ఇలా ఒక కేసులో తేల్చిన మాట తర్వాతి కేసులకు దారి చూపితే దాన్ని ప్రిసిడెంట్ అంటారు. హక్కు రాజ్యాంగంలో పుట్టినా, ఎవరి గుమ్మం దాకా నడిచి వస్తుందో తేల్చేది ఈ ప్రిసిడెంట్లే.

ఆ తీర్పు కాపీ జతచేసి విత్తన క్షేత్రం సూపరింటెండెంటుకు లీగల్ నోటీసు పంపాను. ఆయన నన్ను పిలిపించుకొని, కాఫీ తెప్పించి, కాగితాలు తిరగేసి అన్నాడు: "ఇది ఢిల్లీ మునిసిపాలిటీ సంగతి కదా వకీలు సాహేబ్రే. ఇందులో మా డిపార్టుమెంటు పేరెక్కడుంది? మా పేరున్న ఆర్డరు తెండి, తలమీద పెట్టుకుంటాను."

చెడ్డమనిషి కాదు. ఆడిటుకు భయపడే మనిషి. ఆయన మాట విన్నాక నాకు అర్థమైంది, సుప్రీంకోర్టు తీర్పు హోల్‌సేలు సరుకు. మా బళ్ళారిలో చెల్లాలంటే మా హైకోర్టు చేత ఇక్కడి పేరు వేయించి చిల్లరగా తేవాలి.

రిట్ పిటిషన్ సిద్ధం చేశాను. ప్రభుత్వం మన హక్కు తొక్కినప్పుడు నేరుగా హైకోర్టులో వేసే అర్జీని రిట్ అంటారు. సంతకానికి వచ్చినప్పుడు మారెక్క నిలబడే ఉంది.

"మా పందొమ్మిది మందివీ పేర్లు రాయప్పా. ఈ పొద్దు ఈ పాప, రేపు సుంకమ్మ, ఆమెకూ పెండ్లయి ఏడాది అయితాంది. ఒక్కొక్కరం నీ మెట్లెక్కి దిగాల్నా?"

నేను నవ్వాను. గుడ్డల అంగళ్ళ సందులో పుట్టి పెరిగినవాణ్ణి. పందొమ్మిది పేర్లంటే పందొమ్మిది కోర్టు ఫీజులు, పందొమ్మిది అఫిడవిట్లు, రిజిస్ట్రీ వాళ్ళ పందొమ్మిది అభ్యంతరాలు. "తాను మొత్తం విప్పే పని లేదక్కా. జానెడు గుడ్డ చూపిస్తే చాలు. ఈమెకు ఆర్డరు వస్తే మీ అందరికీ వచ్చినట్టే" అన్నాను.

"మాట గదా?"

"మాట."

వేసవి సెలవులకు ముందు హైకోర్టు కూర్చునే చివరి రోజున కేసు లిస్టులోకి వచ్చింది. నంబరు చాలా కింద. ఆ రోజు పిలవకపోతే మళ్ళీ నెల దాటాకే. అప్పటికి హులిగెమ్మ కనడమూ అయిపోతుంది, మస్టర్‌లో పేరు పోవడమూ అయిపోతుంది. పొద్దుటి రైలుకు నేనూ మారెక్కా వెళ్ళాం. ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుంది. నేను కూర్చోలేకపోయాను. కోర్టు హాల్లోకి వెళ్ళి నంబరు చూడడం, బయటికి రావడం, మళ్ళీ వెళ్ళడం. మధ్యాహ్నానికి బోర్డు మీద నంబరు సగం కూడా కదలలేదు. గౌను కింద చొక్కా వీపుకు అంటుకుంది. మారెక్క నన్ను చూసి, "ఎందుకప్పా అట్ల తిరుగుతాండావు, నొప్పులు నీకా ఆమెకా?" అంది.

భోజనం వేళ ప్రభుత్వ న్యాయవాది నా భుజం తట్టాడు. చేతిలో మా ఫైలు.

"ఇన్‌స్ట్రక్షన్స్ వచ్చాయి. మీ క్లయింటుకు సెలవు ఇచ్చేస్తాం, కూలి కడతాం, పేరు తియ్యం. మధ్యాహ్నం జడ్జిగారి ముందు మెన్షన్ చేసి, కేసు డిస్పోజ్ చేయించుకుందాం. ఒక్కటే కండిషన్."

"చెప్పండి."

"ఆర్డరులో చివర ఒక లైను. ఈ కేసు ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా ఇచ్చిన ఉత్తర్వు ఇది, దీన్ని ప్రిసిడెంట్‌గా పరిగణించరాదు. అంతే."

ఇలాంటి లైన్లు కోర్టుల్లో మామూలే. అందుకే నా చెవికి అది కొత్తగా తగల్లేదు. పైగా నేను పెరిగిన అంగడిలో రోజూ జరిగే పని అదే. మొండి గిరాకీ వస్తే మా నాయన గల్లాపెట్టె మీదికి వంగి, గొంతు తగ్గించి, "నీకని ఇస్తాండా, బయట చెప్పద్దు" అని పది రూపాయలు తగ్గించేవాడు. గిరాకీ గెలిచినట్టు పోతాడు, అంగడి రేటు చెడదు. ఇన్నేళ్ళూ గల్లాపెట్టె వైపు నుంచి చూసిన ఆ వ్యాపారంలో, ఆ మధ్యాహ్నం నేను గిరాకీ వైపు నిలబడి ఉన్నానని నాకు తట్టలేదు. ప్రభుత్వం గల్లాపెట్టె మీదికి వంగి నా చెవిలో చెబుతోంది.

తట్టకపోవడమే కాదు, ఇంకో తెలివి కూడా చూపించాను. కూలి చెల్లించడానికి ఆయన ఎనిమిది వారాలు అడిగితే నాలుగుకు దించాను. ఆ రోజు నేను బేరమాడింది వారాలకు. వాక్యానికి ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు.

బయటికొచ్చి, "పని అయినట్టే అక్కా" అన్నాను.

మారెక్క కొంగు సర్దుకొని లేచింది. "అందరికీనా?"

"ముందు హులిగెమ్మకు రానీ" అన్నాను.

అబద్ధం ఆడలేదు. అబద్ధం ఆడకుండా ఎలా తప్పించుకోవాలో ఇరవై ఏళ్ళ ప్రాక్టీసు నేర్పింది. లోపలికి వెళ్ళాం, పదకొండు నిమిషాలు, బయటికొచ్చాం. స్టేషనుకు పోతూ ధార్వాడ పేడా అరకిలో కొని మారెక్క చేతిలో పెట్టాను.

హులిగెమ్మకు మే నెలలో ఆడపిల్ల పుట్టింది. సెలవు పూర్తిగా దొరికింది. పాపను తీసుకొచ్చి నా బల్లమీద పడుకోబెట్టి చూపించి పోయింది. ఆ పిల్ల ఒక వకాలతునామాను తడిపింది. అందరం నవ్వుకున్నాం.

డిసెంబరులో, క్రాసింగ్ పనులు ముగిసే వేళకు, మారెక్క మళ్ళీ వచ్చింది. వెంట సుంకమ్మ. ఐదో నెల. ముందుగానే సెలవుకు అర్జీ పెట్టుకుంది, వాళ్ళ చేతిలో నా మాట ఉంది కాబట్టి. మారెక్క కూర్చోలేదు. నాలుగు మడతల జిరాక్సు కాగితం తీసి నా ముందు పరిచింది. నా ఆర్డరే. చివరి పేరా కింద ఎవరో పెన్సిలుతో గీత గీశారు.

"ఇది చదువప్పా."

"ఎందుకక్కా, నాకు తెలిసిందే కదా."

"నీకి తెలుసు. మాకి తెలీదు. గట్టిగా చదువు, తెలుగులో చెప్పు."

చదివాను. ఇంగ్లీషులో చదివినప్పుడు ఆ వాక్యం బాగానే ఉంది. తెలుగులోకి మార్చేసరికి నోట్లో నలగలేదు. ఇది హులిగెమ్మ ఒక్కదానికే, దీన్ని చూపించి ఇంకెవరూ అడగకూడదు. అంతే అర్థం.

మారెక్క ఆ కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టింది. తర్వాత మెల్లిగా అంది: "సూపరింటెండు సాహేబు నగుతా చెప్పినాడు. మీ వకీలే ఒప్పుకున్నాడమ్మా అని. నేను నమ్మలేదు. మా వకీలప్ప అట్లాటోడు కాదు, ఆయప్ప మాట ఇచ్చినాడు అని ఆఫీసులో అందరి ముందర జగడం పెట్టుకొని వచ్చినా."

"ఆ రోజు టైము లేదక్కా. సెలవులు వచ్చేసేవి. హులిగెమ్మ—"

"టైము లేదు, హౌదు, నిజమే. నేను బయట బెంచీ మీదనే కదా ఉండేది. అడగడానికి నోరు లేదా నీకి? ఒక్క మాట అడిగింటే, ఆయమ్మకే ఇప్పించుకో అనే అంటా ఉంటినేమో. అడగలేదే నువ్వు."

ఇది నిజం. ఆమె ఆ రోజు అదే చెప్పి ఉండవచ్చు. హులిగెమ్మ పరిస్థితి చూస్తే ఎవరైనా అదే చెబుతారు. అప్పుడు అది వాళ్ళ నిర్ణయమయ్యేది, వెనకాల ఇంకో పిటిషన్ వెంటనే వేసుకునేవాళ్ళు. నేను పందొమ్మిది మంది సరుకును వాళ్ళకు చెప్పకుండా అమ్మి, వచ్చిన లాభాన్ని నా తెలివి ఖాతాలో రాసుకున్నాను.

"మళ్ళా కేసు వేస్తే నా కాన్పు లోపల వస్తాదా సార్?" అని సుంకమ్మ అడిగింది.

"రావాలి" అన్నాను. వస్తుందని అనే ధైర్యం చాలలేదు.

ఈసారి పందొమ్మిది పేర్లూ పెట్టాను. ఫీజు తీసుకోలేదు, గొప్పకు చెప్పడం లేదు, అడిగే ముఖం లేదు. జనవరిలో వేస్తే రిజిస్ట్రీ అభ్యంతరాలు, సవరణలు, నోటీసులు అయ్యేసరికి మార్చి. మొదటి వాయిదాలో మధ్యంతర ఉత్తర్వు కోరాను. అంటే తుది తీర్పు వచ్చేలోపు తాత్కాలికంగా ఇచ్చే రక్షణ. ఇదే క్షేత్రంలో ఇదే పనిచేసే హులిగెమ్మకు ఇచ్చారు, సుంకమ్మకూ ఇవ్వండి అని రెండు నిమిషాల్లో ముగించాల్సిన వాదన. నేను నోరు తెరిచేలోపే ప్రభుత్వ న్యాయవాది లేచి నా వాక్యాన్ని చదివాడు. అదే మనిషి. నా మీద కోపమేమీ లేదు, తన పని తాను చేశాడు. కోర్టు ఆ వాక్యం చూసి, తొందరపడి తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వలేమని, తుది విచారణే చేస్తామని వాయిదా వేసింది. నేను ఢిల్లీ తీర్పు చూపించాను. అన్నీ ఆ రోజే వింటామన్నారు. హులిగెమ్మ ఆర్డరు చివర ఆ లైను లేకపోతే, ఆ రోజు సుంకమ్మకు సెలవు దొరికేది. ఇరవై ఏళ్ళుగా కోర్టుల వ్యవహారం చూసినవాడిగా చెబుతున్నాను.

సుంకమ్మ కాన్పుకు ఆరు రోజుల ముందు దాకా పనిచేసింది. ఏప్రిల్‌లో మగపిల్లవాడు. తర్వాత ముప్పై అయిదు రోజులు ఇంట్లో ఉంది. ఇంకా ఉంటే మస్టర్‌లో పేరు తీసేస్తామని కబురొచ్చింది. మళ్ళీ పనిలోకి పోయింది. కోర్టుకు వేసవి సెలవులు వచ్చాయి, పోయాయి. ప్రభుత్వం జవాబు దాఖలుకు గడువు అడిగింది. మళ్ళీ అడిగింది. నేను ధార్వాడకు పోవడం, తేదీ రాసుకోవడం, రావడం. వాయిదా పడిన ప్రతిసారీ స్టేషను నుంచి మారెక్కకు ఫోను చేసేవాణ్ణి. మూడోసారికి ఆమె, "తేదీ చెప్పి పెట్టేయప్పా, కారణాలు నాకెందుకు" అంది.

ఆగస్టులో అదనపు అఫిడవిట్ మీద సంతకాల కోసం నేనే క్షేత్రానికి పోయాను. పొద్దున ఏడున్నర. పువ్వులు విచ్చుకునే వేళ. ఆడవాళ్ళు వరసల్లో ఉన్నారు, ఎవరూ తలెత్తలేదు. పంపుసెట్టు గది గోడ నీడలో, ట్రైలరుకు చీరతో కట్టిన ఊయల. లోపల పిల్లవాడు ఏడుస్తున్నాడు. ఊపేవాళ్ళు లేరు. పక్క మడిలో అంతకుముందు రోజు మందు కొట్టిన వాసన ఇంకా పోలేదు. నేను పోయి ఊపాను. ఏడుపు ఆగలేదు, నాకు ఊపడం చేతకాదు.

సుంకమ్మ వరస చివరికి వచ్చి, చేతులు కడుక్కొని, సంతకం పెట్టింది.

"పాలకు రాకూడదా తల్లీ, ఇంతసేపు ఏడుస్తున్నాడు" అన్నాను.

"తొమ్మిదిన్నర దాకా రాలేను సార్. పువ్వు ఆగదు గదా. వాడికీ అదే పొద్దు ఆకలి. ఇప్పుడు పాలు కూడా తగ్గినాయి, డబ్బా పాలు పడుతాండాము." కాగితం నా చేతికిచ్చి, నన్ను చూడకుండా అడిగింది. "సార్, ఆ వాక్యం లేకుంటే నేనిప్పుడు ఇంట్లో ఉంటానా?"

క్లయింటుకు ఇలాంటి ప్రశ్నకు జవాబివ్వడానికి మా దగ్గర చాలా మాటలుంటాయి. ఎన్నో అంశాలపై ఆధారపడి ఉంటుంది, చెప్పలేం, కోర్టు విచక్షణ. అవేవీ రాలేదు.

"ఆగస్టుకు సెలవు చివరి రోజుల్లో ఉండేదానివి. అయితే ఇంట్లోనే ఉండేదానివి" అన్నాను.

తలూపి వరసలోకి పోయింది. తిట్టి ఉంటే నాకు సుళువుగా ఉండేది.

నవంబరులో విచారణకు వచ్చింది. ఈసారి మారెక్క హాల్లోనే, వెనక వరసలో నిలబడింది. జడ్జిగారు ఫైలు చూసి, పాత ఆర్డరు దగ్గర ఆగారు.

"దీన్ని ప్రిసిడెంట్‌గా చూడకూడదన్న షరతుకు అప్పుడు ఒప్పుకున్నది ఎవరు?"

"నేనే, మై లార్డ్."

"ఇప్పుడు అదే షరతు నుంచి బయటపడాలంటున్నారు."

"ఆ రోజు నేను ఒక్క మనిషి తరఫున నిలబడ్డాను. ఆ మాట ఆమెను కట్టేస్తుంది, నన్ను కట్టేస్తుంది. మిగతా పద్దెనిమిది మంది హక్కును వదులుకునే అధికారం నాకు ఎవరూ ఇవ్వలేదు, మై లార్డ్. నేను వాళ్ళను అడగలేదు కూడా."

హాల్లో ఎవరో దగ్గారు. ప్రభుత్వ న్యాయవాది తల దించుకుని కాగితాలు చూస్తున్నాడు. నేను ముందుకు పోయాను. ఒప్పందం మీద ఇచ్చిన ఆర్డరులో కారణాలుండవు, అందులో కోర్టు తేల్చిన సూత్రమే లేదు, కాబట్టి ఆ లైను ఉన్నా లేకపోయినా అది ప్రిసిడెంట్ కాదు. ప్రిసిడెంట్ సుప్రీంకోర్టు తీర్పు. నా ఒప్పుకోలు దాన్ని అంగుళం కూడా జరపలేదు.

"మరి ఈ వాదన మార్చిలో ఎందుకు ఇంత స్పష్టంగా చెప్పలేదు?" అన్నారు జడ్జిగారు. కఠినంగా అనలేదు. తెలుసుకోవాలనే అడిగారు.

మార్చిలో నేను నా వాక్యాన్ని చూసి సిగ్గుపడి, దాన్ని దాచుకోవడానికి చూశాను. అది ఎంత బలహీనమైనదో చెప్పాలంటే ముందు అది నాదని ఒప్పుకోవాలి. ఆ పని తప్పించుకుంటూ ఢిల్లీ తీర్పు చుట్టూ తిరిగాను. ఇది కోర్టులో చెప్పలేదు. "నా లోపం, మై లార్డ్" అన్నాను.

ఈసారి వచ్చింది స్పీకింగ్ ఆర్డరు, అంటే ఎందుకు ఇస్తున్నామో కారణాలు విప్పి చెప్పే తీర్పు. మస్టర్ రోల్‌లో ఉన్న ఆడవాళ్ళందరికీ, చట్టంలోని అర్హత ఉన్నవాళ్ళకు, ప్రసూతి సెలవు హక్కేనని, ఒక్కొక్కరు కోర్టుకు రానవసరం లేదని అందులో ఉంది. సుంకమ్మకు సెలవు కాలపు కూలి విడిగా చెల్లించమన్నారు. సూపరింటెండెంటు మాట నిలబెట్టుకున్నాడు. తమ డిపార్టుమెంటు పేరున్న ఆర్డరును నోటీసు బోర్డుకు అంటించాడు. ఆ తర్వాత రాయచూరు నుంచి ఒక వకీలు ఫోను చేసి కాపీ అడిగాడు, అక్కడి ఇంకో క్షేత్రంలో చూపించడానికి. పంపాను.

అయితే ఆ తీర్పు ఎంత దూరం పోతుందో కూడా చెప్పాలి. మా క్షేత్రం కంచె దాటి కొంచెం దూరం పోతే ఆంధ్ర మొదలవుతుంది. అక్కడ ఇలాంటి పనులు చేసే ఆడవాళ్ళు మారెక్కకు చుట్టాలే. మా హైకోర్టు తీర్పు వాళ్ళకు వినిపిస్తుంది కానీ, వాళ్ళ ఆఫీసును కట్టేయదు. వాళ్ళ హైకోర్టు కావాలనుకుంటే దాన్ని చూసి తల ఊపవచ్చు, అంతే. సుప్రీంకోర్టు తీర్పు రెండు వైపులా ఒకటే అయినా, రెండు వైపులా ఎవరో ఒకరు మళ్ళీ పేరు వేయించుకురావాలి. రాజ్యాంగం అందరిదీ అని మేం గట్టిగా చెప్పే మాటకు కింద ఇంత నడక ఉంటుంది.

మారెక్క నా చేత ఆ కాగితం చదివించిన రోజు నుంచి ఎవరు రాజీ లైను ఇచ్చినా నేను దాన్ని ముందు తెలుగులోనో కన్నడలోనో చెప్పి, బెంచీ మీద కూర్చున్న మనిషి తల ఊపాకే ఒప్పుకుంటున్నాను. దీనివల్ల రెండు మంచి బేరాలు చెడిపోయాయి. చెడిపోనీ.

ఇక లెక్క. ప్రసూతి చట్టం ప్రకారం ఒక కాన్పుకు ఇరవై ఆరు వారాలు, అంటే నూట ఎనభై రెండు రోజులు. హులిగెమ్మకు నూట ఎనభై రెండూ దొరికాయి, అందులో నా పాత్ర ఉంది. తర్వాత ఆ క్షేత్రంలో ఇద్దరికి కాన్పులయ్యాయి, వాళ్ళకూ పూర్తిగా దొరికాయి. అందులో ఎక్కువ పాత్ర మారెక్క తెచ్చిన పెన్సిలు గీతది. సుంకమ్మకు కాన్పుకు ముందు ఆరు, తర్వాత ముప్పై అయిదు, మొత్తం నలభై ఒక్క రోజులు. నూట ఎనభై రెండు రోజుల కూలీ తర్వాత ఆమె బ్యాంకులో పడింది. మిగిలిన నూట నలభై ఒక్క రోజులు మాత్రం ఆమె పత్తి వరసల్లోనే గడిపింది, వాటిని తిరిగి రాయించే కోర్టు లేదు. ఆ నూట నలభై ఒక్కటీ నావి.